సంతకం ఎవరు పెట్టారు? టీకాల భద్రత, ట్రయల్స్ మీద నమ్మకం గురించి ఒక తల్లికి సమాధానం

ఆదోని నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. ఆమె కూతురికి పన్నెండేళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాకు సమ్మతి తెలుపుతూ సంతకం పెట్టి పంపమని బడి నుంచి ఒక కాగితం వచ్చింది. ఖమ్మంలో ఈ టీకా వేసినప్పుడు ఆడపిల్లలు చనిపోయారని, వద్దే వద్దని ఆమె మామగారు అంటున్నారు. కోవిషీల్డ్ వల్ల రక్తం గడ్డకడుతుందని కంపెనీయే కోర్టులో ఒప్పుకుంది కదా అని భర్త అంటున్నారు. "ట్రయల్ చేసేదీ కంపెనీలే, ఫలితం చెప్పేదీ కంపెనీలే అయినప్పుడు మాబోటివాళ్లం ఏం చూసి నమ్మాలి?" అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా, నేను కర్నూలులో సామాజిక వైద్య విభాగంలో ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఆ తర్వాత కొన్నేళ్లు ఒక ఆసుపత్రి ఎథిక్స్ కమిటీలో సభ్యుడిగా ఉన్నాను. మనుషుల మీద ఒక కొత్త మందునో టీకానో పరీక్షించాలంటే ముందుగా ఆ కాగితాలన్నీ మా ముందుకు రావాలి. మేము ఒప్పుకుంటేనే పని మొదలవుతుంది, మేము ఆపమంటే ఆగాలి. టీకాలను నేను గట్టిగా సమర్థిస్తాను. అయినా మీ మామగారి మాటను తోసిపుచ్చి ఈ సమాధానం మొదలుపెట్టలేను, ఎందుకంటే ఖమ్మంలో తప్పు జరిగిన మాట నిజం. ఆ తప్పు ఏమిటో ప్రజలకు విడమరిచి చెప్పవలసినవాళ్లు చెప్పకపోవడం వల్లనే ఇన్నేళ్ల తర్వాత అది మీ ఇంటి గడపలోకి మళ్లీ వచ్చింది.

2009 జూలైలో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గార్డాసిల్ అనే హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. గుజరాత్‌లోని వడోదరలో మరో కంపెనీ టీకా సెర్వారిక్స్ వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి చేసిన పని అది. 2010 ఏప్రిల్ నాటికి ఆ రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయినట్టు తేలింది. గొడవ పెద్దదై, కేంద్రం ఆ కార్యక్రమాన్ని నిలిపివేసింది.

ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ఒక్కొక్క మరణాన్నీ విడిగా పరిశీలించింది. ఒక అమ్మాయి క్వారీ గుంతలో మునిగి చనిపోయింది. ఒకరిని పాము కరిచింది. ఇద్దరు పురుగుల మందు తాగారు. ఒకరికి మలేరియా ముదిరింది. మిగిలిన ఇద్దరి విషయంలో కారణం అంత స్పష్టంగా తేలలేదు గాని, అవి టీకా వల్ల సంభవించాయనడానికి ఆధారం దొరకలేదు. ఆ సంఘం నిర్ణయం మీద నాకు అనుమానం లేదు. కాని అదే కథను మరో వైపు నుంచి చూసినది పార్లమెంటు స్థాయీ సంఘం. 2013 ఆగస్టులో అది ఇచ్చిన నివేదికలో నన్ను ఇప్పటికీ కలవరపెట్టే అంకెలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి చూసిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు ఉన్నాయి, 2,763 మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెనో ప్రధానోపాధ్యాయుడో సంతకం పెట్టారు.

ఆ రెండో అంకె దగ్గర కాస్త ఆగాలి. హాస్టల్లో ఉండి చదువుకునే గిరిజన బాలిక తండ్రి ఎక్కడో కూలి పనిలో ఉంటాడు. ఆయన బిడ్డ ఒంట్లోకి ఏం పోతున్నదో ఆయనకు తెలియదు. తెలియజేసే ప్రయత్నం ఎవరూ చేయలేదు. ఆ తర్వాత ఆ బిడ్డ ఏ కారణం చేత చనిపోయినా ఆ తండ్రి సూదినే అనుమానిస్తాడు. అనుమానించే హక్కు ఆయనకు ఉంది, ఎందుకంటే ఆయనను అడగలేదు. పైగా దానికి ట్రయల్ అని పేరు పెట్టకుండా ప్రదర్శనా కార్యక్రమం అన్నారు. అందువల్ల ట్రయల్‌కు ఉండవలసిన పర్యవేక్షణ, బీమా వంటి ఏర్పాట్లు సరిగా లేకుండా పోయాయి. టీకా వేసిన ఊళ్లో ఏ పిల్ల ఎప్పుడు ఏ జబ్బుతో ఆసుపత్రికి వెళ్లిందో రోజువారీ నమోదు ఉండి ఉంటే, మరణం జరిగిన మర్నాడే కారణం చెప్పగలిగేవాళ్లు. నమోదు లేనిచోట నెలల తర్వాత ఇచ్చిన నివేదిక ఎంత నిజమైనా జనం చెవికెక్కదు.

కాబట్టి ఖమ్మం విషయంలో రెండు వేర్వేరు ప్రశ్నలు ఉన్నాయి. టీకా పిల్లలను చంపిందా అన్నది ఒకటి, దానికి జవాబు చంపిందనడానికి ఆధారం లేదని. పిల్లలను, వాళ్ల తల్లిదండ్రులను మనుషులుగా గౌరవించారా అన్నది రెండోది, దానికి జవాబు లేదని. టీకాను వ్యతిరేకించేవాళ్లు రెండో జవాబు చూపించి మొదటిదాన్ని మార్చేస్తారు. మా వైద్యుల్లో చాలామంది మొదటి జవాబు చూపించి రెండోదాన్ని మాట్లాడనివ్వరు. మొదటి పని వల్ల ఎంత నష్టం జరిగిందో, రెండో పని వల్లా అంతే జరిగిందని నా అభిప్రాయం.

టీకా తర్వాత ఏదైనా జరిగితే అది టీకా వల్లనే జరిగినట్టు అనిపించడం మనిషి స్వభావం. వేలమంది పిల్లలకు ఒకేసారి టీకా వేసినప్పుడు, ఆ తర్వాతి వారాల్లో వాళ్లలో కొందరికి జ్వరం వస్తుంది, ఎవరో ఒకరు చెట్టు మీద నుంచి పడతారు, అరుదుగా ఒక మరణమూ సంభవిస్తుంది. టీకా వేయకపోయినా అవి జరిగేవే. వేయనివాళ్లలో ఎంత, వేసినవాళ్లలో ఎంత అని పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తేడా తెలియదు. ట్రయల్ అంటే ముఖ్యంగా ఆ పక్కపక్కన పెట్టి చూడడమే.

2017 ఆగస్టులో మన రాష్ట్రంలో తట్టు, రుబెల్లా టీకాల కార్యక్రమం జరిగినప్పుడు నేను పరిశీలకుడిగా జిల్లాలోని ఒక బడికి వెళ్లాను. ఉదయం తొమ్మిదింటికి మొదలుపెడతామన్న సిబ్బంది పదకొండున్నరకు వచ్చారు. ఆడపిల్లలు అప్పటిదాకా వరండాలో వరుసలో నిలబడే ఉన్నారు. సగం మంది ఇంటి దగ్గర ఏమీ తినకుండా వచ్చారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె సూది వేయించుకొని నాలుగు అడుగులు వేసి పడిపోయింది. అది చూసి వరుసలో ఉన్న అమ్మాయిలు ఒకరి తర్వాత ఒకరుగా కూలబడ్డారు, వాళ్లలో ముగ్గురికి అప్పటికి సూదే వేయలేదు. వేపచెట్టు కింద చాపలు పరిపించి, పిల్లలను పడుకోబెట్టి, కాళ్లు కొంచెం ఎత్తులో ఉంచి, నాడి చూసి, ఓఆర్‌ఎస్ నీళ్లు తాగించాం. గంటలో అందరూ లేచి కూర్చున్నారు. ఈలోగా ఊళ్లో ఎనిమిదిమంది పిల్లలు పోయారన్న మాట పాకింది. ట్రాక్టర్లలో, మోటారు సైకిళ్ల మీద తల్లిదండ్రులు వచ్చిపడ్డారు. ఒక పెద్దాయన నా చొక్కా పట్టుకొని, "మా బిడ్డకు ఏమన్నా అయితే ఎవురు సార్ జవాబు చెప్పేది? నువ్వు చెప్తావా?" అని అడిగాడు. నేనే చెప్తానన్నాను. నా పేరు, ఫోను నంబరు చీటీ మీద రాసి ఇచ్చి, పొద్దుగూకే దాకా ఆ బడి అరుగు మీదనే కూర్చున్నాను. మర్నాడు ఆయన తన రెండో మనవరాలిని కూడా తీసుకొచ్చి టీకా వేయించాడు. ఆయన మనసు మారడానికి నేను చెప్పిన వైద్యశాస్త్రం కారణం కాదు. జవాబు చెప్పే మనిషి ఒకడు అక్కడ కూర్చొని కనిపించడమే కారణం.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తాను. ట్రయల్ ఖర్చు కంపెనీలు పెట్టుకోవడం నిజమే. అయితే ఫలితాన్ని తమకు నచ్చినట్టు చెప్పుకోకుండా చేసే ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి. అవన్నీ గతంలో జరిగిన దగాల వల్ల, కోర్టు కేసుల వల్ల పుట్టుకొచ్చినవే. మన దేశంలో 2009 జూన్ 15 నుంచి ప్రతి ట్రయల్‌నూ మొదలుపెట్టకముందే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. దేన్ని కొలవబోతున్నారో, ఎంతమందిని చేర్చుకుంటారో ముందే రాసి పెట్టాలి కాబట్టి, తర్వాత అనుకూలమైన అంకెను ఏరుకొని చూపించడం కష్టమవుతుంది. 2013లో సుప్రీంకోర్టు ట్రయల్స్ మీద తీవ్రంగా స్పందించిన తర్వాత, ట్రయల్ వల్ల గాయపడినవారికి, మరణించినవారి కుటుంబాలకు పరిహారం చెల్లించాలన్న నిబంధన వచ్చింది. 2019 మార్చిలో వచ్చిన కొత్త ఔషధాలు, ట్రయల్స్ నిబంధనలు వాటన్నిటినీ ఒకచోట చేర్చాయి. ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, అధ్యక్షుడు ఆ సంస్థకు బయటివాడై ఉండాలి, సగం మందికి ఆ సంస్థతో సంబంధం ఉండకూడదు, ఒక న్యాయం తెలిసినవారు, ఒక మహిళ, వైద్యంతో సంబంధం లేని ఒక సామాన్యుడు తప్పనిసరిగా ఉండాలి. తీవ్రమైన దుష్ఫలితం ఏది కనిపించినా 24 గంటల్లో ఔషధ నియంత్రణ అధికారికి, కమిటీకి, ట్రయల్ చేయించే సంస్థకు తెలియజేయాలి.

నిబంధన కాగితం మీద ఉండడం వేరు, నడవడం వేరు. మా కమిటీ ముందుకు వచ్చిన ఒక ట్రయల్‌లో, జ్వరంతో వేరే ఆసుపత్రిలో చేరిన ఒక మనిషి సంగతి 24 గంటల్లో రావలసినది పదకొండు రోజులకు వచ్చింది. అది డెంగీ అని తేలింది, మనిషి కోలుకున్నాడు, పరీక్షిస్తున్న మందుకు దానితో సంబంధం లేదు. అయినా కొత్తవాళ్లను చేర్చుకోవడం రెండు నెలలు ఆపించాం. "ఏమీ కాలేదు కదా సార్" అని అడిగారు. ఏమీ కాలేదని పదకొండు రోజుల పాటు ఎవరికీ తెలియదు కదా అన్నాను.

మా కమిటీలోని సామాన్య సభ్యుడు విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు. ఆయన లేకపోతే మేము ఎన్ని తప్పులు చేసేవాళ్లమో చెప్పలేను. ఒక సమ్మతి పత్రం తెలుగులో వచ్చింది. అందులో "యాదృచ్ఛిక కేటాయింపు", "ద్వంద్వ అంధ పద్ధతి" అని రాశారు. దాన్ని చదివి వినిపించినప్పుడు పత్తికొండ వైపు వేరుశనగ రైతు ఒకాయన, "అంధ అంటాండారే, కండ్లు పోతాయా సార్?" అని భయంగా అడిగాడు. ఆ సంగతి సమావేశంలో చెప్పగానే మాస్టారు కాగితం తీసుకొని అక్కడికక్కడే తిరగరాశారు. "మీకు ఇచ్చేది అసలు మందా, మందు లేని ఉత్త ద్రవమా అన్నది మీకూ తెలియదు, ఇచ్చే డాక్టరుకూ తెలియదు. చీటీ తీసినట్టు కంప్యూటరు నిర్ణయిస్తుంది. మీకు ఇష్టం లేకపోతే ఏ రోజైనా మానుకోవచ్చు. మానుకున్నా మీకు ఇక్కడ అందే వైద్యం ఆగదు." నాలుగు వాక్యాలు. ఆ రైతు అవి విని, రెండు రోజులు ఆలోచించుకొని, వద్దని చెప్పి వెళ్లిపోయాడు. ఆయన వద్దనగలిగాడు కాబట్టే మిగిలినవాళ్లు సరేనన్న మాటకు విలువ వచ్చిందని నేను అనుకుంటాను.

ట్రయల్ సక్రమంగా జరిగినా దానికి తెలియని సంగతులు ఉంటాయి. కోవిషీల్డ్ గురించి మీవారు అడిగినదానికి జవాబు అక్కడే ఉంది. మూడువేల మందికి ఒక టీకా వేస్తే ఒక్కరికీ ఫలానా దుష్ఫలితం రాలేదనుకోండి. దాని అర్థం అది అసలు రాదని కాదు, వెయ్యిమందిలో ఒకరి కంటే తక్కువమందికే రావచ్చునని మాత్రమే. లక్షమందిలో ఒకరికి వచ్చేదాన్ని పట్టుకోవాలంటే లక్షల మందికి వేసిన తర్వాత కూడా కళ్లు తెరుచుకొని చూస్తూ ఉండాలి. మన దగ్గర కోవిషీల్డ్ పేరుతో వేసిన ఆస్ట్రాజెనెకా టీకా తొలి ట్రయల్స్‌లో సుమారు 24 వేల మంది ఉన్నారు. ప్లేట్‌లెట్లు పడిపోతూ రక్తం గడ్డకట్టే ఆ అరుదైన జబ్బు అందులో తేలలేదు. కోట్లమందికి వేసిన తర్వాత ఐరోపాలో బయటపడింది, 2021 ఏప్రిల్‌లోనే ఐరోపా ఔషధ సంస్థ దాన్ని చాలా అరుదైన దుష్ఫలితంగా ప్రకటించింది. మన దేశంలో జాతీయ కమిటీ 2021 మేలో ఇచ్చిన లెక్క ప్రకారం పది లక్షల డోసులకు 0.61 కేసులు, అంటే ఒకటి కంటే తక్కువ. 2024లో బ్రిటన్ కోర్టు కాగితాల సంగతి పత్రికల్లో వచ్చినప్పుడు అదేదో మూడేళ్లు దాచిన రహస్యం బయటపడినట్టు ప్రచారం జరిగింది గాని, అది అప్పటికే ప్రకటించిన విషయం. ఇక్కడ నాకు ఒక బాధ ఉంది. టీకా వేయించుకున్నాక తీవ్రమైన తలనొప్పి, ఊపిరి అందకపోవడం, కాళ్ల వాపు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లమని 2021 మేలో కేంద్రం సూచన ఇచ్చింది. ఆ సూచన తెలుగులో, పెద్ద అక్షరాలతో, ప్రతి టీకా కేంద్రం గోడ మీదా ఉండవలసింది. నేను తిరిగిన ఏ కేంద్రంలోనూ అది కనిపించలేదు. అప్పుడే చెప్పి ఉంటే 2024లో ఎవరూ ఉలిక్కిపడేవారు కాదు.

కోవాగ్జిన్ విషయంలోనూ తొందరపాటు నమ్మకాన్ని దెబ్బతీసింది. మూడో దశ ట్రయల్ ఫలితం రాకముందే, 2021 జనవరి 3న దానికి "క్లినికల్ ట్రయల్ మోడ్‌లో" అన్న మాటతో అనుమతి ఇచ్చారు. ఆ తర్వాత 25,800 మందిని చేర్చుకున్న ఆ ట్రయల్‌లో 77.8 శాతం రక్షణ ఇస్తుందని తేలింది. మన హైదరాబాదులో తయారైన మంచి టీకా అది. కాని జనవరిలో నా దగ్గరికి వచ్చిన నర్సులు "ఫలితం రాకుండా మాకు ఎందుకు వేస్తున్నారు సార్?" అని అడిగినప్పుడు నా దగ్గర సమాధానం లేదు. కొన్ని వారాలు ఆగి ఉంటే ఆ ప్రశ్నే పుట్టేది కాదు. తర్వాత ఫలితం మంచిదే వచ్చినంత మాత్రాన ముందు చేసిన పని సరైనది అయిపోదు.

అయితే ఈ వ్యవస్థ తన తప్పును తానే పట్టుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి, వాటి గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు. పసిపిల్లల విరేచనాలకు కారణమయ్యే రోటా వైరస్ మీద మొదటి టీకాకు అమెరికా 1998లో అనుమతి ఇచ్చింది. సుమారు పదివేల మందిలో ఒక బిడ్డకు పేగు ముడిపడుతున్నట్టు, అనుమతి తర్వాత సాగిన నిఘాలో తేలడంతో 1999 అక్టోబరులో దాన్ని ఉపసంహరించుకున్నారు. ఆ దెబ్బతో తర్వాతి రెండు రోటా టీకాల ట్రయల్స్‌ను ఒక్కొక్కటి 60 వేల మందికి పైగా శిశువులతో చేయవలసి వచ్చింది. మన దేశంలో తయారైన రోటావాక్‌ను ఢిల్లీ, పుణె, వేలూరులలో 6,799 మంది శిశువుల మీద పరీక్షించారు. తీవ్రమైన రోటా విరేచనాల నుంచి మొదటి ఏడాదిలో 56 శాతం రక్షణ ఇచ్చింది. ఆ అంకెను వాళ్లు దాచలేదు, పెంచలేదు. 2016లో జాతీయ కార్యక్రమంలో ఆ టీకా మొదలైన తొలి నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ తర్వాత ఆసుపత్రుల్లో పేగు ముడి కేసులను ప్రత్యేకంగా లెక్కపెట్టి, ఈ టీకాతో ముప్పు పెరగలేదని 2020లో ప్రచురించారు.

ఇంకొక ఉదాహరణ మనకు మరింత దగ్గరిది. 1968లో అప్పటి చెంగల్పట్టు జిల్లాలో, అంటే మన చిత్తూరుకు ఆనుకొని ఉన్న ప్రాంతంలో, సుమారు రెండు లక్షల అరవై వేల మందితో బీసీజీ టీకా ట్రయల్ మొదలైంది. పదిహేనేళ్ల పాటు వెంబడించి చూశారు. పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయను బీసీజీ ఆపడం లేదని తేలింది. ప్రభుత్వమే చేయించిన ట్రయల్, ప్రభుత్వమే వేస్తున్న టీకా, అయినా ఆ చేదు ఫలితాన్ని ఉన్నది ఉన్నట్టు ప్రకటించారు. పసిపిల్లలకు మెదడు పొరలకు సోకే క్షయ వంటి ప్రాణాంతక రూపాల నుంచి రక్షణ ఉందన్న ఆధారంతోనే ఈనాటికీ పుట్టగానే వేస్తున్నారు. ట్రయల్స్‌ను ఎందుకు నమ్మాలని మీరు అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చేది ఇదే. కాదని చెప్పగలిగిన పద్ధతి అవునన్నప్పుడు ఆ మాటను లెక్కలోకి తీసుకుంటాను.

ఇప్పుడు మీ అమ్మాయి టీకా. మన దేశంలో ఏటా లక్షా ఇరవై వేల మందికి పైగా స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తోంది, 75 వేల మందికి పైగా చనిపోతున్నారు. మన పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్లు ఎక్కువగా మూడో దశలోనో నాలుగో దశలోనో ఆసుపత్రి మెట్లెక్కుతారు. తెల్లబట్ట అవుతోందని ఇంట్లో చెప్పుకోవడానికి సిగ్గుపడి, ఏడాదో రెండేళ్లో ఓర్చుకొని, రక్తస్రావం ఆగనప్పుడు వస్తారు. ఈ క్యాన్సర్‌లో దాదాపు అన్నిటికీ మూలం హెచ్‌పీవీ వైరస్. స్వీడన్‌లో 16 లక్షల మందికి పైగా ఆడవాళ్ల లెక్కలు చూసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, పదిహేడేళ్ల లోపు టీకా తీసుకున్నవారికి ఈ క్యాన్సర్ 88 శాతం తక్కువగా వచ్చింది. స్కాట్లాండ్‌లో 12, 13 ఏళ్ల వయసులో టీకా వేయించుకున్న ఆడపిల్లల్లో ఈ క్యాన్సర్ ఒక్క కేసు కూడా కనిపించలేదని 2024లో ప్రకటించారు. ఇవి కంపెనీల లెక్కలు కావు, ఆ దేశాల క్యాన్సర్ రిజిస్టర్ల నుంచి తీసినవి.

మీ మామగారికి ఈ సంగతి కూడా చెప్పండి. ఖమ్మం గొడవ జరిగిన సమయంలోనే మన దేశంలో ఇదే టీకా మీద వేరే ట్రయల్ ఒకటి నడుస్తోంది. రెండు డోసులు మేలా, మూడు మేలా అని తేల్చడం దాని ఉద్దేశం. 2010 ఏప్రిల్‌లో కేంద్రం హెచ్‌పీవీ టీకా ట్రయల్స్ అన్నిటిలోనూ టీకా వేయడం ఆపించడంతో వేలమంది అమ్మాయిలకు ఒక్క డోసు మాత్రమే పడి, మిగిలినవి ఆగిపోయాయి. పరిశోధకులు వాళ్లను వదిలిపెట్టలేదు, పదేళ్లకు పైగా కనిపెట్టి చూశారు. క్యాన్సర్‌కు ముఖ్య కారణమైన రెండు రకాల వైరస్ ఒంట్లో తిష్ఠవేయకుండా ఒక్క డోసే 95 శాతం దాకా కాపాడుతోందని 2021లో వెల్లడించారు. ఒక డోసు కూడా సరిపోతుందని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందంటే, దానికి ఆధారమైన వాటిలో మన ఆడపిల్లల లెక్క ఒకటి.

దుష్ఫలితాల మాటకొస్తే, సూది వేసినచోట నొప్పి, వాపు సాధారణం. కొందరికి జ్వరం, తలనొప్పి వస్తాయి. ఈ వయసు పిల్లలు సూది వేయించుకున్నాక కళ్లు తిరిగి పడడం మామూలే, ఆ బడిలో నేను చూసినది అదే. తీవ్రమైన అలర్జీ పది లక్షల డోసులకు కొద్దిమందిలో రావచ్చు, అది వస్తే చాలావరకు మొదటి అరగంటలోనే వస్తుంది, దానికి మందు ఉంది. జపాన్‌లో ఒళ్లు నొప్పులు, వణుకు వస్తున్నాయన్న ఫిర్యాదులతో 2013 జూన్‌లో ప్రభుత్వం ఈ టీకాను సిఫారసు చేయడం మానుకుంది. సుమారు 70 శాతం మంది వేయించుకుంటున్నది ఒక శాతం కంటే తక్కువకు పడిపోయింది. టీకా తీసుకోనివాళ్లలోనూ అవే లక్షణాలు అంతే ఉన్నాయని తేలి, 2022 ఏప్రిల్‌లో మళ్లీ మొదలుపెట్టారు. ఆ తొమ్మిదేళ్ల కాలంలో టీకా అందని ఆడపిల్లలు మాత్రం ఆ వయసు దాటిపోయారు. టీకా వేయించినా ముప్పై ఏళ్లు దాటాక ఈ క్యాన్సర్ కోసం చేసే పరీక్ష మానకూడదన్నది కూడా గుర్తుంచుకోండి, ఎందుకంటే ఈ వైరస్‌లో అన్ని రకాలనూ ఏ టీకా ఆపదు.

మీ స్థానంలో నేను ఉంటే సంతకం పెడతాను. కాని బడి పంపిన కాగితం మీద ఊరికే పెట్టి పంపను. టీకాను ఎవరి మీదా బలవంతంగా రుద్దకూడదని 2022 మే 2న సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, ప్రశ్నలు అడగడానికి మీరు భయపడనక్కరలేదు, వాళ్లు సమాధానం ఇవ్వాలి. ఏ కంపెనీ టీకా, ఎన్ని డోసులు, ఆ రోజు డాక్టరు బడిలో ఉంటారా, అలర్జీ వస్తే వాడే అడ్రినలిన్ ఇంజెక్షన్ వాళ్ల దగ్గర ఉంటుందా, రాత్రి జ్వరం వస్తే ఎవరికి ఫోను చేయాలి అని మీ ఏఎన్ఎంను అడగండి. ఈ ప్రశ్నలకు ఆమె నొచ్చుకోదు. మంచి ఏఎన్ఎం అయితే ఐస్ ప్యాకుల మధ్య నుంచి సీసా తీసి, దాని మీది గుర్తులో లోపలి చదరం బయటి వలయం కంటే లేత రంగులో ఉంటేనే మందు పనికొస్తుందని మీకే చూపిస్తుంది. మీ అమ్మాయికీ విషయం చెప్పండి. ట్రయల్‌లోనైతే ఏడేళ్లు దాటిన బిడ్డ ఒప్పుకోలు కూడా తీసుకోవాలన్న నియమం ఉంది, పన్నెండేళ్ల పిల్లకు తన ఒంటి గురించి వినే హక్కు ఇంట్లోనూ ఉండాలి.

ఆ రోజు కడుపు నిండా తినిపించి పంపండి. కూర్చోబెట్టి గాని, పడుకోబెట్టి గాని వేయమనండి, వేశాక అరగంట అక్కడే కూర్చోమనండి. తర్వాత ఏదైనా తీవ్రమైన ఇబ్బంది కనిపిస్తే పీహెచ్‌సీ డాక్టరుకు చెప్పి, దాన్ని టీకా తర్వాతి దుష్ఫలితంగా నమోదు చేయించండి. ఆ నివేదిక 24 గంటల్లో జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి చేరాలి. వాళ్లు తాత్సారం చేస్తే మీరే 1800 180 3024 అనే ఉచిత నంబరుకు ఫోను చేసి చెప్పవచ్చు. కార్డు మీద టీకా పేరు, తేదీ, బ్యాచ్ నంబరు రాసి ఇచ్చేదాకా అక్కడి నుంచి కదలవద్దని మీ అమ్మాయికి చెప్పి పంపండి. బ్యాచ్ నంబరు లేకపోతే ఆ తర్వాత ఏ విచారణా ముందుకు సాగదు, ఆ గడి ఖాళీగా ఉన్న కార్డులు నేను చాలా చూశాను.